వెండిపళ్ళెం మీద అయస్కాంతం

ఆ ఆదివారం పొద్దున్న నాయనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. వెండి సామాను తోమాలి, పదకొండుకల్లా వంట ముగించాలి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే వియ్యపురాలి ముందు నవ్వు ముఖంతో నిలబడాలి. మొదటి రెండూ ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. మూడోదే కాస్త కష్టం.

దానికి కారణం ఏడాది నిండిన మనవరాలు. మర్నాటి నుంచి కోడలు మళ్ళీ ఉద్యోగానికి వెళ్తుంది. పగలంతా పాపని నాయనమ్మ చూసుకోవాలా, అమ్మమ్మ చూసుకోవాలా అన్నది ఈ భోజనం దగ్గరే తేలాలి. "పాప గురించి అమ్మ ఒక మాట మాట్లాడాలంది అత్తయ్యా" అని కోడలు చెప్పినప్పటి నుంచి నాయనమ్మకి కంటిమీద కునుకు లేదు. అమ్మమ్మ కాలేజీలో ఫిజిక్సు చెప్పి చెప్పి నెల కిందటే రిటైరయ్యారు. ఇప్పుడు చేతినిండా తీరిక. పాపని పట్టుకుపోవడానికి కాకపోతే ఎందుకొస్తున్నట్టు? ఆ పిల్ల లేకుండా ఇంట్లో పగలెలా గడుస్తుందో తలచుకుంటేనే నాయనమ్మకి ఏడుపొస్తోంది.

పాప పుట్టినప్పుడు రెండు వైపులవాళ్ళూ వెండిపళ్ళేలు పెట్టారు. అమ్మమ్మ పెట్టింది చిన్నదే గాని మందంగా, చేతికి బరువుగా ఉంటుంది. నాయనమ్మ పెట్టింది దానికి రెండింతల వెడల్పు. ఆ వెడల్పు సంగతి ఈ ఏడాదిలో సందర్భం వచ్చినప్పుడూ, రానప్పుడూ కూడా ఆ ఇంట్లో చాలాసార్లు వినిపించింది.

తోమడం సగంలో ఉండగా ఆవిడ తమ్ముడు వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని పరీక్షల మావయ్య అంటారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక గట్టి అయస్కాంతం బిళ్ళ ఉంటుంది. లోకంలో సగం వస్తువులు నకిలీవనీ, మిగతా సగం ఇంకా తన చేతికి రాలేదనీ ఆయన నమ్మకం. కూర్చుంటూనే చిన్నపళ్ళెం అందుకుని ఏటవాలుగా పట్టుకుని, దాని మీద బిళ్ళ వదిలాడు.

బిళ్ళ అతుక్కోలేదు. అలాగని జారిపోనూ లేదు. బడికి వెళ్ళనని మారాం చేసే పిల్లాడిలా నిదానంగా కిందికి దిగింది.

"అక్కా, ఇటు చూడు. పట్టుకుంటోంది!"

"పట్టుకుంటే ఏమిట్రా?"

"లోపల ఇనుముందన్నమాట. అసలు వెండి మీద అయస్కాంతం జర్రున జారిపోవాలి."

తాతయ్య పేపరు మీంచి తల ఎత్తాడు. "ఇనుమైతే అతుక్కుపోవాలి కదటోయ్?"

"మొత్తం ఇనుమైతే మొత్తం అతుక్కుంటుంది బావా. ఇది సగం ఇనుము. అందుకే సగం అతుక్కుంటోంది."

ఈ లెక్క విని తాతయ్య మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

నాయనమ్మకి ముందు కోపం వచ్చింది. ఆ వెనకే, దాచడమెందుకు, కాస్త సంతోషం కూడా వచ్చింది. "పసిపిల్లకి దొంగ వెండి పెట్టినవాళ్ళ చేతుల్లో పిల్లని పెడతామా?" అంది గట్టిగా.

పక్కగదిలో పాపకి గౌను తొడుగుతున్న కోడలు గుమ్మంలోకి వచ్చింది. "మా అమ్మ అలాంటిది కాదు అత్తయ్యా."

"నేనెక్కడన్నానమ్మా? అయస్కాంతం అంటోంది."

కోడలి కళ్ళలో నీళ్ళు చూసి మావయ్యకి న్యాయబుద్ధి పుట్టుకొచ్చింది. "ఆగండి, తొందరపడద్దు. వేడికి లోహాలు మనల్ని బురిడీ కొట్టిస్తాయి. బాగా చల్లబరిస్తే నిజం దానంతటదే బయటికొస్తుంది" అన్నాడు. ఈ సూత్రం ఆయన అప్పటికప్పుడే కనిపెట్టాడు. పళ్ళెం వెళ్ళి ఫ్రీజర్లో బఠాణీల పొట్లం పక్కన పడుకుంది. అది చల్లబడేదాకా అందరూ ఫ్రిజ్ ముందే నిలబడ్డారు. పొయ్యి మీద కూర మాత్రం తన మానాన తాను మాడిపోయింది.

బయటికి తీసి బిళ్ళ వదిలితే, ఈసారి ఇందాకటి కంటే కాస్త నెమ్మదిగా దిగింది.

"చూశారా! చల్లబడేకొద్దీ ఇనుము బయటపడుతోంది! ఇంకా చల్లబరచాలి."

పక్కింట్లో పశువుల డాక్టరున్నాడు. మేలుజాతి ఎద్దుల వీర్యం నిల్వ ఉంచడానికి ఆయన దగ్గర ద్రవ నైట్రోజన్ క్యాను ఉంటుంది. ఫ్రీజర్ చల్లదనం దాని ముందు బలాదూర్. ఆదివారం తోచక గేటు దగ్గర నిలబడ్డ డాక్టరు, పిలవడమే ఆలస్యం, క్యాను, మందుల థర్మోకోల్ పెట్టె, చేతులకి తొడుగులు పట్టుకుని వచ్చేశాడు. కిటికీలన్నీ తెరిపించి, పళ్ళేన్ని పెట్టెలో పెట్టి నైట్రోజన్ పోశాడు. బుసబుసమని పొగ లేచి హాలంతా మబ్బు పట్టింది. పాప చప్పట్లు కొట్టింది.

పట్టుకారుతో పళ్ళెం తీసి, తుడిచి, వాలుగా నిలబెట్టి బిళ్ళ పెట్టారు. అది నడుస్తోందో, నిలబడిందో ఎవరికీ తెలియలేదు.

"ఏమంటారు డాక్టరుగారూ?" అన్నాడు మావయ్య.

"ఎద్దయితే చెప్పగలను గాని..." అని డాక్టరు నసిగాడు.

"ఇనుమేనని డాక్టరుగారు కూడా ఒప్పేసుకున్నారు!" అని మావయ్య కిటికీలోంచి వీధికి చాటాడు. అప్పటికే ఎదురింటి మేడ మీద నలుగురు చేరారు.

వినేవాళ్ళు దొరికేసరికి నాయనమ్మకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "మీరే సాక్షి డాక్టరుగారూ. దొంగ వెండి ఎవరు పెట్టారో వాళ్ళకి ఈ పిల్లని పెంచే హక్కు లేదు. ఇదే నా మాట!"

"అయితే పాపని తీసుకుని నేనూ అమ్మతోనే వెళ్ళిపోతాను" అని కోడలు లోపలికి వెళ్ళి గౌనులు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. మాట వెనక్కి తీసుకుందామంటే ఎదురింటి మేడ మీద ఆ నలుగురు కాస్తా ఆరుగురయ్యారు.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ వచ్చారు. గుమ్మంలో నిలబడి పొగ చూశారు, క్యాను చూశారు, వాలుగా నిలబెట్టిన పళ్ళెం మీద కదలనంటున్న అయస్కాంతాన్ని చూశారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"వదినగారూ! ఇదంతా నాకోసమేనా? రిటైరయ్యానని సన్మానమా? కాలేజీలో దండతో సరిపెట్టారు గాని, ఇలాంటి ఆలోచన ఒక్కడికీ రాలేదు!"

ఆవిడ చేతిసంచి పక్కన పెట్టి, పళ్ళెం ముందు చతికిలబడి మురిపెంగా చూశారు. "ఎంత ముద్దుగా దిగుతోందో! కానీ పక్కన ఇంకో లోహం ఉండాలి, అప్పుడే తేడా తెలుస్తుంది" అంటూ అటూ ఇటూ చూసి, తోమి ఆరబెట్టిన పెద్దపళ్ళెం అందుకున్నారు. అది పెట్టెలో సగమే మునిగింది. చల్లబడ్డాక దాన్నీ వాలుగా పెట్టించి, చల్లబడ్డ వైపు బిళ్ళ వదిలారు. బిళ్ళ జర్రున జారి, నేల మీద పడి, సోఫా కిందికి దొర్లిపోయింది.

మావయ్య ఎగిరి చప్పట్లు కొట్టాడు. "అదీ! అసలు వెండంటే అలా ఉండాలి!"

అమ్మమ్మ పకపకా నవ్వారు. "మీరు భలే హాస్యమాడతారు అన్నయ్యగారూ! ఇది జర్మన్ సిల్వర్ కదా! ఇందులో వెండి వీసమెత్తు ఉండదు. కరెంటు బాగా పారే లోహం మీద అయస్కాంతం కదిలితే, లోహంలో కరెంటు సుడులు తిరుగుతుంది. ఆ సుడులే అయస్కాంతానికి అడ్డుపడతాయి. స్వచ్ఛమైన వెండిని చల్లబరిస్తే కరెంటు ఇంకా బాగా పారుతుంది, అడ్డు ఇంకా పెరుగుతుంది. ఇలాంటి మిశ్రమ లోహాన్ని ఎంత చల్లబరిచినా పెద్ద తేడా ఉండదు. అదే ఇనుమైతే, అతుక్కుని కూర్చుంటుంది."

"నేనన్నదీ అదే" అన్నాడు తాతయ్య పేపరు వెనకనుంచి. ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మమ్మ మంచి ఊపులో ఉన్నారు. "సూపర్ కండక్టర్లని ఉన్నాయి, వాటిని చల్లబరిస్తే కరెంటుకి అసలు ఆటంకమే ఉండదు. అయస్కాంతం వాటి మీద గాల్లో తేలుతుంది! మా లాబ్‌లో అలాంటి నల్లబిళ్ళ ఒకటుంది. తెలిస్తే పట్టుకొచ్చేదాన్ని..."

"అమ్మా" అంది కోడలు, సంచితో గుమ్మంలో నిలబడి. "నువ్వెప్పుడూ చూడలేదు గాని, ఆ పెద్దపళ్ళెం అత్తయ్య పాపకి పెట్టింది."

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "జర్మన్ సిల్వర్ కూడా... మంచిదే. మన్నుతుంది" అన్నారు.

నాయనమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఆ పళ్ళెం తెచ్చింది నువ్వే కదూ?"

మావయ్య గొంతు నూతిలోంచి వచ్చింది. "కొట్టువాడు నాలుగు చూపించాడక్కా. మూడింటి మీద బిళ్ళ మొరాయించింది. ఇదొక్కటే జర్రున జారింది. ఇది వేరే రకం బాబూ అని వాడు మొత్తుకున్నాడు కూడా. మంచి సరుకు దాచుకుంటున్నాడనుకుని పట్టుబట్టి ఇదే తెచ్చాను."

"సాక్ష్యం అయిపోయినట్టే గదా, నేను వస్తానండి" అని డాక్టరు క్యాను ఎత్తుకుని జారుకున్నాడు.

నాయనమ్మకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తింది. "వదినగారూ, మీ పళ్ళెంలో ఇనుముందనుకుని నోరు పారేసుకున్నాను. దొంగ వెండి పెట్టినవాళ్ళకి పాపని పెంచే హక్కు లేదని వీధంతా వినేలా అన్నాను. అన్నమాట మీద నిలబడాలిగా. పాపని మీరే తీసుకెళ్ళండి."

అమ్మమ్మ కంగారుగా లేచారు. "అయ్యో, నేనా? ఇంకో రెండేళ్ళు పాఠాలు చెప్పమని కాలేజీవాళ్ళు అడిగితే సరేననేశాను వదినగారూ. పాపని మీరే చూసుకోవాలి, ఆ మాట అడగడానికే వచ్చాను. మనవరాలి కంటే అయస్కాంతాలు ఎక్కువయ్యాయా అంటారేమోనని దారంతా హడలిపోతూ వచ్చాను!"

"ఆ ముక్క ఫోన్లో చెప్తే ఏం పోయింది వదినగారూ? కూరైనా మాడేది కాదు" అని, నాయనమ్మ వెళ్ళి కోడలి చేతిలోంచి సంచి తీసుకుంది. "తప్పయిందమ్మా. మీ అమ్మని అనరాని మాటన్నాను." కోడలు పాపని తెచ్చి అత్తగారి చంకనెక్కించింది. మాడిన కూర ఆ రోజు ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు, మావయ్యతో సహా.

సోమవారం సాయంత్రానికల్లా నాయనమ్మకి నడుం పట్టేసింది; ఆ సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.