అత్త పోయిన ఆదివారం

పౌర్ణమి ఆదివారంనాడు పడింది. ఆ పొద్దున అమర్‌నాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుచానూరులో ఇంటిపట్టున కూర్చుని క్రికెట్ చూడాలి, శ్రీకాళహస్తిలో అత్తగారి సత్యనారాయణ వ్రతంలోనూ ఉండాలి. ముందే పుట్టింటికి వెళ్లిన భార్య ధరణి గడప దాటుతూ గట్టిగానే చెప్పింది.

"పోయినేడు మాదిరి ఎగ్గొడితే సూడు. మా అమ్మ వ్రతంలో నీ మొగం కనపడకపోతే నేను తిరిగి రాను."

మొగం కనపడాలంది గానీ మనిషి రావాలని అనలేదు కదా. తిరుపతి చుట్టుపక్కలకు త్రీజీ వచ్చిన కొత్త అది. అమర్‌నాథ్‌కూ, బామ్మర్ది భానుచందర్‌కూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటూ మాట్లాడే ఫోన్లున్నాయి. కాబట్టి అల్లుడుగారు పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో టీవీ ముందే వ్రతానికి కూర్చున్నారు.

తానొకటి తలిస్తే సిగ్నల్ ఒకటి తలిచింది. భానుచందర్ ఫోన్‌ను తల్లి శకుంతలమ్మ ముందు పట్టాడు. ఆమె అక్షింతలెత్తి అల్లుణ్ణి దీవించబోతూ అలాగే బిగుసుకుపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, ఎత్తిన చెయ్యి దిగలేదు. కాసేపటికి తెర నల్లబడి గొంతు మాత్రం తునకలుగా వచ్చింది. భానుచందర్ అన్నది "అమ్మ బొమ్మ పోయింది బావా" అని. అందులో బొమ్మను సిగ్నల్ మింగేసింది.

"అమ్మ... పోయింది బావా."

అమర్‌నాథ్ తిరిగి చేశాడు. వీడియో ఛార్జింగంతా తాగేయడంతో భానుచందర్ ఫోన్ కూడా కళ్లు మూసింది. ధరణి ఫోన్ మోగుతోంది గానీ ఎత్తేవాళ్లు లేరు. ఏడుస్తూ ఉంటుంది, ఎట్లా ఎత్తుతుంది అనుకున్నాడు పాపం.

"ఏమైందిరా?" అంది చిక్కుడుకాయలు వలుస్తున్న తల్లి భారతమ్మ.

"అత్త పోయిందమ్మా. నా కండ్ల ముందరే."

భారతమ్మ గుండెలు బాదుకుంటూనే ఏర్పేడు చుట్టాలకు ఫోన్ చేసింది. వాళ్లు ఊరూరికీ చేశారు. అమ్మవారి గుడి వీధిలో గులాబీ మాల కొన్నారు, జీపు మాట్లాడారు. ఏర్పేడులో మరో రెండు జీపులు కలిశాయి, చావుకు పలకలు కొట్టేవాళ్లూ ఎక్కారు. దారి పొడుగునా అమర్‌నాథ్ నిజంగానే ఏడ్చాడు. ఆమె కొసరి కొసరి వడ్డించిన అన్నం గుర్తొచ్చి, టీవీ ముందు కూర్చున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

వీధి మలుపులోనే పలక మోగింది. భారతమ్మ శోకం అందుకుంది.

"మమ్మల్ని ఇడిసిపెట్టి యాడికి పోతివి వదినా..."

ప్రసాదం గిన్నెతో శకుంతలమ్మ వాకిట్లోకి వచ్చింది.

"యాడికీ పోలేదు వదినా. వంటింట్లోనే ఉండా."

పలక ఆగింది. జనం కళ్లన్నీ అమర్‌నాథ్ మీద పడ్డాయి. అత్తగారి కళ్లు మాల మీద పడ్డాయి.

"అదెవరికి నాయనా?"

"నీకే అత్తా," అన్నాడు. అబద్ధమేమీ కాదు.

ఆమె మురిసిపోయి మెడ వంచింది. లుంగీ చూడగానే ధరణికి కథంతా అర్థమైంది. తిట్టడానికే నోరు తెరిచింది గానీ, తన తల్లి కోసం ఏడ్చి ఏడ్చి వాచిన మొగుడి కళ్లు చూసి ఊరుకుంది. సాయంత్రం బ్యాగు సర్దుకుని అతని పక్కన నిలబడింది.

ఈలోగా శకుంతలమ్మ రెండోసారి ఎసరు పెట్టాల్సి వచ్చింది. పలకలవాళ్లు పెండ్లి దరువు వేసి మరీ భోంచేశారు. ఏటా ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచినా ఆమె వ్రతానికి వరండా కూడా నిండేది కాదు. జీపు కదలబోతుంటే అల్లుణ్ణి పక్కకు పిలిచింది.

"వచ్చే యేడు కూడా నేను పోయినాననే చెప్పు నాయనా. బొట్టు పెట్టి పిలిస్తే ఎవురొస్తారు?"