నిల్వ ఉంచిన రోడ్డు

చెత్తను కాల్చడం ఏ నగరమైనా చేస్తుంది. వచ్చిన బూడిద ఎవరిదో తేల్చకుండా ఏళ్ల తరబడి కాపాడుకోవడానికి మాత్రం పరిపాలనా దక్షత ఉండాలి. ఈ నగరానికి అది పుష్కలంగా ఉంది.

చెత్త కొలిమి వెనకున్న బూడిద యార్డుకు సూపర్‌వైజరు ఒకావిడ. కొలిమి అడుగున మిగిలిన బూడిదను నీళ్లతో చల్లార్చి, అయస్కాంతంతో మేకులూ చెంచాలూ ఏరించి, ఘాటు తగ్గేదాకా నెలల తరబడి ఆరుబయట మాగబెట్టేది. (పొగగొట్టం వడపోతల్లో చిక్కే సన్న బూడిద సంగతి వేరు. అది విషం. దాన్ని సిమెంటులో కలిపి విడిగా పూడ్చేస్తారు. భయంతో ఏ అధికారీ దాని జోలికి రాడు కాబట్టి ఆ పని సజావుగా సాగిపోతోంది.)

మాగిన బూడిదలోంచి సీసం లాంటివి నీళ్లలోకి దిగడం లేదనీ, రోడ్ల కింద కంకర బదులు భేషుగ్గా పరవచ్చనీ ప్రయోగశాల తేల్చింది. అయినా గుట్ట కదల్లేదు సరికదా, ప్రహరీని మించి పెరిగింది. చోటు లేకపోతే కొలిమి ఆపాల్సిందే. ఇటు ఆవిడ ఉండే సందును పైపుల కోసం తవ్వినవాళ్లు పూడ్చడం మరిచిపోయారు. అందులో పడి మడమ బెణికిన అత్తగారు గడప దాటి చాలా కాలమైంది.

"నీ దగ్గరేమో కొండంత బూడిద, మన గుమ్మం ముందేమో గొయ్యి. ఈ రెంటినీ కలపడానికి మధ్యవర్తి కావాలటే?" అంది అత్తగారు.

కావాలి మరి. "కాలాక అది చెత్త కాదు, మాకు సంబంధం లేదు" అంది చెత్త విభాగం. "కంకర పట్టికలో దాని పేరు లేదు" అంది రోడ్ల విభాగం. తిరిగి తిరిగి ఆవిడ చివరికి భస్మస్థితి నిర్ధారణాధికారి గదికి చేరింది.

"ఇది పనికొచ్చే పదార్థమని ఎలా నమ్మమంటారు?" అన్నాడాయన.

"పరీక్ష చేయించాం కదండీ."

"అది మీరు చేయించారు. బూడిద తనంతట తాను దరఖాస్తు చేసుకోలేదు."

"దానికి చేతుల్లేవు సార్."

"అందుకేగా వేలిముద్ర మినహాయించాం!"

ఆవిడకు నవ్వాగలేదు. దాన్ని దగ్గు కింద మార్చుకుని, "తేలేదాకా ఎక్కడైనా నిల్వ ఉంచుకోవచ్చా అండీ?" అని అడిగింది.

"నిల్వకు అభ్యంతరం లేదు. దుమ్ము మాత్రం లేవకూడదు."

ఆ వారమే యార్డు లారీలు సందులోకి వచ్చాయి. బూడిదను గోతుల్లో నిల్వ చేశారు. ఎగుడుదిగుడు నిల్వ చూడ్డానికి బాగుండదని రోలరు తిప్పారు. దుమ్ము లేవకుండా పైన తారు పోశారు. (రోలరూ తారూ పైపుల వాళ్లవి. పూడ్చాల్సిన సంగతి ఆవిడ గుర్తుచేస్తే వాళ్లకు అప్పుడు గుర్తొచ్చింది.) అత్తగారు చెప్పులేసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఎదురింటావిడ చూడలేదేమోనని మళ్లీ నడిచింది. గుమ్మంలో నిలబడిన కోడలు తన మెడలో ఎవరో పతకం వేసినంత సంబరపడింది.

పై ఆఫీసులో మాత్రం ఫైలు నడుస్తూనే ఉంది. గడువులోగా పదార్థమని రుజువు కానందున సదరు నిల్వను తిరిగి చెత్తగా పరిగణించవలసిందిగా ఉత్తర్వు వెలువడింది.

మర్నాడు పొద్దున చెత్తబండి సందు మొదట్లో ఆగింది. డ్రైవరు తీరిగ్గా దిగి, కొత్త తారును కాలితో తట్టి చూసి, వాకిట్లో ఉన్న అత్తగారిని అడిగాడు:

"పెద్దమ్మా, ఈ రోడ్డు తడి చెత్తా, పొడి చెత్తా?"