మా హాలు తాళానికి జై!

ఒక నాటక రచయిత్రి పైకి రావాలంటే ఏం కావాలి? ప్రతిభా? చదువా? కాదండీ! ఊళ్లో ఉన్న ఒకే ఒక్క హాలుకు పెద్ద తాళం కావాలి. దాని మీద "మరమ్మతులు జరుగుతున్నవి" అని బోర్డు కావాలి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. దక్షిణాఫ్రికా ఫ్రీ స్టేట్‌లోని మా టౌన్‌షిప్‌లో, కెనేలో అక్క నాటకాల బృందంలో శవం వేషం వేసేది నేనే. కళ గురించి పడుకుని ఆలోచించే తీరిక నాకున్నంతగా ఇంకెవరికుంటుంది?

కెనేలో అక్క నాటకాలు రాస్తుంది, ఆడిస్తుంది, మమ్మల్ని తిడుతుంది. చర్చి వెనక ఆడించింది, మెకానిక్ షెడ్డులో ఆడించింది, టాక్సీ స్టాండులో ఆడించింది. కేప్‌టౌన్ వాళ్లు పిలిచారు, విదేశాల వాళ్లూ పిలిచారు. ఆవిడకు మాత్రం ఒకటే పిచ్చి. "మన హాల్లో, మన స్టేజీ మీద, మనవాళ్ల ముందు ఒక్కసారి ఆడాలిరా!" అంటుంది. తాళం వేసినప్పుడు నాకు నెత్తి నిండా జుట్టుండేది. ఇప్పుడు లేదు. మరమ్మతులు మాత్రం జరుగుతూనే ఉన్నాయి!

ఆ తాళమే లేకపోతే? పాపం, హాల్లోనే ఆడుకుంటూ ఉండేవాళ్లం. తాళం ఉంది కాబట్టే కిందటేడు అక్క వీధిలో టెంటు వేయించింది. మా ఊళ్లో టెంట్లు అద్దెకిచ్చేది ముఖ్యంగా చావులకి. తెల్ల టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, పైగా మావాళ్లు అంత్యక్రియలు పెట్టుకునే శనివారం పొద్దున! మా దగ్గర శనివారం పొద్దున టెంటు కనిపిస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారా? దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చోవడమే.

వచ్చారండీ! వీధి వీధంతా వచ్చింది. నేను శవపెట్టెలో పడుకుని ఉన్నాను. నాటకం మొదలుకాకముందే అందరూ కలిసి ప్రార్థన గీతం ఎత్తుకున్నారు. పాట తామే తెచ్చుకునే ప్రేక్షకులు ఇంకెక్కడైనా ఉన్నారా? ఇంతలో పులెంగ్ మామ్మ లేచింది. పోయినవాడి గురించి ఇరుగుపొరుగు తరఫున ఎవరో ఒకరు రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే వీధి పరువేం కాను!

"వీడు తాగేవాడు, కాదనను," అంది మామ్మ కళ్లొత్తుకుంటూ. "కానీ నా ఇంటి రేకు గాలికి లేచిపోతే నిచ్చెన వేసుకొచ్చి బిగించాడమ్మా!"

ఆ పోయినవాడు అక్క ఊహలో పుట్టినవాడు. రేకు ఎప్పుడు బిగించాడో నాకే తెలియదు. కథ ప్రకారం, పొగడ్తలు వినలేక శవం లేచి కూర్చోవాలి. కూర్చున్నాను. ముందు వరస ఖాళీ! మామ్మ మాత్రం కదల్లేదు.

"పడుకోరా వెధవా! నేనింకా ముగించలేదు!"

పడుకున్నాను. టెంటంతా నవ్వులే నవ్వులు. పారిపోయినవాళ్లు తిరిగొచ్చి, చివరిదాకా చూసి, "మరి భోజనాలెక్కడ?" అన్నారు. తర్వాతి ఆట నుంచి మామ్మకు వేషం, ప్రేక్షకులకు మొక్కజొన్న సంకటి, మాంసం, బీట్‌రూట్. ఆ నాటకం ఊరూరా ఆడింది. ఇదంతా తాళం చలవ కాదూ!

ఇంత హాయిగా సాగుతుంటే మొన్న నెత్తిన పిడుగు పడింది. మరమ్మతులు పూర్తయ్యాయట! ప్రారంభోత్సవంలో, మా ఆనవాయితీ ప్రకారం, కెనేలో అక్కకు దుప్పటి కప్పి సన్మానమట! అక్క మొహం చంటిపిల్ల మొహంలా వెలిగిపోయింది. నన్ను లాక్కుని కౌన్సిలర్ మొఖెలే దగ్గరికి పరుగెత్తింది.

"సన్మానం సరే తమ్ముడూ, నాటకం ఎప్పుడు?"

"నాటకమా! స్టేజీకి కొత్తగా పాలిష్ పట్టించాం అక్కా. మీవాళ్లు దాని మీద శవపెట్టె ఈడుస్తారు, గంతులేస్తారు. గీతలు పడవూ? ఇకమీదట సభలకే ఇస్తాం. నువ్వొచ్చి దుప్పటి కప్పించుకో, చాలు."

"నేను నిలబడితే పడవా గీతలు?"

"చెప్పులు బయట విడిచిరా అక్కా."

అక్క వెనక్కి తిరిగి నడిచింది. దారిలో నన్ను తిట్టను కూడా తిట్టలేదు. అది చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ప్రారంభోత్సవం శనివారం పెట్టారు. ఆ పొద్దున్నే హాలు గేటుకు ఎదురుగా తెల్ల టెంటు లేచింది. హాలుకని బయల్దేరిన జనం అలవాటు కొద్దీ ఇటు తిరిగారు. లోపల కౌన్సిలర్, మైకు, మడతపెట్టిన దుప్పటి ఎదురుచూస్తున్నాయి. బయట అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది ఆ కౌన్సిలర్ కన్నతల్లే!

"ఎవరమ్మా పోయింది?" అని మెల్లగా అడిగింది.

అక్క గేటు వైపు చెయ్యి చూపించింది. "ఆ హాలు, అత్తా. పోయి చాలా ఏళ్లయింది. కబురు మొన్ననే తెలిసింది."

ముసలావిడ హాలు వంక చూసింది, తల ఊపింది, దుప్పటి సర్దుకుని పాట ఎత్తుకుంది.