లిఫ్టులో తూకం

జిల్లా శిశు పోషణ కార్యాలయంలో పిల్లల్ని తూచే లిఫ్టుకు పై అంతస్తు లేదు. పొద్దున్నే బయలుదేరి, భోజనాల వేళ దాకా వేగం పెంచుకుంటూ పైకి వెళ్తూనే ఉంటుంది. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. లిఫ్టు వచ్చేలోపు పై అంతస్తులు కట్టడం ఇంజనీర్ల పని. ఆ ఒక్క విషయంలో వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

పైకి పోతూ వేగం పెరుగుతున్నంతసేపూ కాటా ఎక్కువ బరువు చూపిస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ఏడాదే జిల్లాలో బక్కపిల్లలు లేకుండా పోయారు. పక్క జిల్లాల వాళ్లు వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని, తామూ లిఫ్టులకు టెండర్లు పిలిచారు.

నూకాలు తన మూడేళ్ల కూతురు గౌరిని చంకనేసుకుని లిఫ్టెక్కింది. గౌరి ఇంతవరకూ లిఫ్టెక్కని బక్కపిల్ల గనక అంగన్‌వాడీలో రోజూ అదనంగా ఒక గుడ్డు, గ్లాసుడు పాలు ఇస్తున్నారు. బరువు సరిపోయిందని తేలితే అవి ఆగిపోతాయి.

లిఫ్టు కదిలింది. సూపర్‌వైజరు సత్యవేణి పిల్లను కాటా మీద నిలబెట్టింది.

"అమ్మగారూ, కిందున్నప్పుడే తూస్తే ఏటవుతాది?" అంది నూకాలు. గొడవకి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"కింద తూసిన బరువు పైవాళ్లు ఒప్పుకోరమ్మా."

"పోనీ, ఒకే స్పీడులో ఎల్తే?"

"అప్పుడు అసలు బరువే చూపిస్తాది. పోయినేడు మోటారు మొరాయించి ఒక పూట అలాగే ఎల్లింది. మండలం మండలమంతా చిక్కిపోయింది. ఇంజనీరుగారికి మెమో ఇచ్చారు. వేగం ఉంటే చాలదమ్మా, పెరుగుతానే ఉండాల."

"ఎన్నాళ్లు పెరుగుతాది?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"పెరిగినన్నాళ్లూ," అంది సత్యవేణి.

కాటా సరిపడా బరువు చూపించింది. సత్యవేణి మెచ్చుకోలుగా గౌరి బుగ్గ గిల్లి, గుడ్డూ పాలూ జాబితాలోంచి కొట్టేసింది. నూకాలుకు ఏడుపు ముంచుకొచ్చింది.

"అమ్మా, ఆకలి," అంది గౌరి.

"ఇంత బరువున్న పిల్లకి ఆకలేటి?" అంది సత్యవేణి. ఆమెకు కోపం లేదు, ఆశ్చర్యమే.

నూకాలు పిల్లను ఎత్తుకుంది. చేతులు లాగేశాయి. పుట్టిన దగ్గర్నుంచీ గౌరి ఎప్పుడూ ఇంత నిండుగా ఒడిలోకి రాలేదు. ఆ ఏడుపులోనే నూకాలుకు పట్టరాని సంతోషం కలిగింది.

భోజనాల వేళకు లిఫ్టును ఉన్నపళంగా కిందికి వదిలేస్తారు. అప్పుడు తల్లులూ పిల్లలూ కలిసి గాల్లో తేలతారు. ఆ కాసేపూ సున్నా చూపించే కాటా మీద తువ్వాలు కప్పి ఉంచాలని నిబంధన. కింద లిఫ్టును ఆపే బాధ్యత వేరే విభాగానిది.

మర్నాటి నుంచి గుడ్డు రాలేదు. గౌరి ఆకలని ఏడ్చిన ప్రతి పొద్దునా నూకాలు దాన్ని తెచ్చి లిఫ్టెక్కిస్తోంది. చేతులు లాగుతున్నంతసేపూ పిల్ల బాగానే ఉన్నట్టుంటుంది. ఇలా వచ్చే తల్లులు ఎక్కువయ్యేసరికి లోపల బెంచీలు వేయించారు. లిఫ్టులో కూడా పిల్లలు తేలికవుతున్నారని సత్యవేణి పైకి రాస్తే, వేగాన్ని ఇంకాస్త త్వరగా పెంచుకోమని అనుమతి వచ్చింది.