ముప్పై ఒకటో గదిలో మిగిలిన పద్యాలు

కంప్యూటర్‌లో పాత ఫైళ్ళు శుభ్రం చేయమనేవాళ్ళను నమ్మకండి! వాళ్ళు చెత్త అనేది నిజానికి ఊరికే దక్కిన సరుకు. లేవార్డెన్ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా చీజ్ అమ్ముతున్నవాణ్ణి, లాభాన్ని గుర్తుపట్టలేనా?

మా దుకాణం కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఒక్కో కంటెయినర్. ఆ పని చేసే ఏఐ ప్రోగ్రామ్ కూర్చునే గది అనుకోండి. పని కాగానే గది దానంతటదే కూలిపోయేలా మా సిస్టమ్స్ చూసే సీట్‌స్కె ఏర్పాటు చేసింది. గది పోతుంది. అందులో ఏం చేయాలో రాసిన కాన్ఫిగ్ ఫైల్ మాత్రం బయట ఉండిపోతుంది. దాన్నీ తీసేయడానికి అరపూట కావాలంది. నేనే వద్దన్నాను. తెరమీద "తొలగింపు పూర్తయింది" అని వచ్చాక ఇంకా తీసేదేముంది?

ముప్పై ఒకటో గది డిసెంబరుది. సెయింట్ నికొలస్ పండక్కి కానుకతోపాటు, అందుకునేవాళ్ళను ఆటపట్టించే పద్యం పెట్టాలి కదా! ఆ గదిలోని ప్రోగ్రామ్ ప్రతి పార్సిల్‌కూ ఒకటి కట్టేది. జనవరిలో కూల్చాం. మార్చిలో ఫిర్యాదులకు జవాబులిచ్చే గది కావలసివచ్చింది. ఖాళీ నంబరును వృథా చేసే అలవాటు మా ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో ఎవరికుంది? మళ్ళీ ముప్పై ఒకటే ఇచ్చాం. కొత్త గదికి, ఆటపట్టించే పద్యం కట్టమనే పాత ఫైల్ దొరికింది.

మా అతిపెద్ద ఖాతాదారు వృద్ధాశ్రమం. అక్కడ వంటశాల చూసే వియార్డా గారు, లవంగాల చీజ్‌ను తమవాళ్ళు నమలలేకపోతున్నారని రాశారు. జవాబు వెళ్ళింది:

పంటికి లొంగని చీజుపై అలకేల?
పళ్ళసెట్టు బిగించి కొరకవేల, బాలా?

జీతమిచ్చి మనిషిని పెడితే ఇంత చురుగ్గా రాస్తాడా? ఒక పాస్టరు గారికైతే, ఆయన ఉత్తరం పొడవు మీద ఎనిమిది చరణాలు వెళ్ళాయి!

వియార్డా గారు ఆర్డర్ ఆపేశారు. ఆవిడ కళ్ళముందే ఫైల్ తీసేస్తే ఆర్డర్ మళ్ళీ తెచ్చుకోవచ్చని నా లెక్క. లాప్‌టాప్‌తో ఇద్దరం సైకిళ్ళ మీద బయలుదేరాం. అరపూట దండగన్నది మీరేగా అని సీట్‌స్కె దారిపొడవునా సాధించింది.

ఫైల్ తీసేశాం. వియార్డా గారు కళ్ళద్దాలు సర్దుకుని తెర చూశారు.

"దీని కింద ఉన్న ఈ రెండు వందల ఫైళ్ళూ ఎవరివి?"

సీట్‌స్కె నావైపు చూసింది.

"తెలియదండీ," అన్నాను.

"ముందు తెలుసుకుని రా నాయనా. చీజ్ సంగతి తర్వాత."

రెండు వారాలుగా అదే పని మీద ఉన్నాం. ఇప్పటికి నలభై ఎవరివో తేలాయి. ఆశ్రమంలో మాత్రం పోటీ దుకాణం చీజ్ తింటున్నారు. మెత్తగానే ఉందట.