ఇంజన్ ఆపితే అంతా సవ్యమే

కారు స్పీకర్లలోంచి పాట తప్ప ఇంకేమీ వినిపించనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఏం బతుకులండీ అవి! నా కారులో పాటతోపాటు ఓ సన్నని ఈల కూడా వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గొంతు పెంచుతుంది, వదిలితే తగ్గిస్తుంది. నా మాటకి ఇంత విలువ మా ఇంట్లో ఎవరిచ్చారు?

లాభాలు అంతా ఇంతా కాదు. స్పీడు తెలియడానికి మీటరు చూడక్కర్లేదు. రోజూ నా కారెక్కే పక్కింటాయన ఇప్పుడు ఆరోగ్యం కోసం నడుస్తున్నాడు. దారిలో మేనేజరు ఫోన్ కూడా ఆ స్పీకర్లలోంచే పలుకుతుంది కాబట్టి, "ఏమీ వినపడటం లేదు సార్" అని ఉన్నమాటే చెబుతున్నాను.

ఒక్కటే చిక్కు. మా అమ్మాయికి రేడియోలో ఉద్యోగం వచ్చింది. సరిగ్గా నేను ఆఫీసుకు వెళ్లే వేళ, ఊళ్లో ఏ రోడ్డు ఎలా ఉందో చెబుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే "విన్నావా నాన్నా?" అంటుంది. "అద్భుతం తల్లీ" అంటాను. నేను విన్నది ఈల. పిల్ల మొహం చూస్తూ ఆ ముక్క అనడం నాకెంత కష్టంగా ఉందో చెప్పలేను.

అందుకే ఆడియో నిపుణుడి దగ్గరికి వెళ్లాను. "ఇంజన్ ఆపండి సార్, ఆ మోతలో నాకు సరిగ్గా తెలీదు" అన్నాడు. ఆపాను. ఈల పోయింది. ఆయన కళ్లు మూసుకుని తలాడించి, "చూశారా, క్లియర్‌గా ఉంది" అన్నాడు. ముట్టుకోకుండా బాగుచేసే హస్తవాసి ఎందరికుంటుంది?

ఇంజన్ ఆన్ చేశాను. ఈల.

"ఇంజన్ ఆన్ చేస్తే వస్తుంది కదా సార్. అంటే అది కారు ప్రాబ్లం" అన్నాడు, ఓనమాలు దిద్దించినట్టు.

మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, "ముందు ఆ స్టీరియో కట్టెయ్యండి, ఇంజన్ వినాలి" అన్నాడు. కట్టేశాను. ఈల లేదు. "బండి భేషుగ్గా ఉంది. మీది ఆడియో ప్రాబ్లం" అని తేల్చాడు. ఇద్దరూ ఉద్దండులే! ఒకాయనకి ఇంజన్ నడవకూడదు, ఇంకొకాయనకి పాట పాడకూడదు. రెండూ కలిసుండే వస్తువు, అంటే కారు, ఇద్దరి శాఖల్లోకీ రాదు.

ఇక మా బావమరిది ఉండనే ఉన్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నిపుణుడైనవాడు. "ఎర్త్ వైరు బావా, నాకు ముందే తెలుసు" అంటూ డాష్‌బోర్డు ఊడదీశాడు. తిరిగి బిగించాక గుప్పెడు స్క్రూలు మిగిలాయి. ఈల అలాగే ఉంది. హారన్ కొడితే మాత్రం వైపర్లు ఆడుతున్నాయి.

తిరిగి తిరిగి ఆడియో నిపుణుడి దగ్గరికే చేరాను. "వినాలనిపించినప్పుడు ఇంజన్ ఆపెయ్యండి సార్, సింపుల్" అన్నాడు. అంత చదివిన నోటితో చెబితే కాదనడానికి నేనెంతటివాణ్ణి?

నిన్న పొద్దున వంతెన మీద ఉండగా మా అమ్మాయి గొంతు మొదలైంది. నిపుణుడి మాట ప్రకారం ఇంజన్ ఆపేశాను. వెనక హారన్లు మోగితే అద్దాలెక్కించాను. ప్రతి అక్షరం ముత్యంలా వినిపించింది. చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి. ట్రాఫిక్ పోలీసు అద్దం తట్టి "ఏంటి, రిపేరా?" అన్నాడు. "లేదండీ. కారు బాగుంది, ఆడియో బాగుంది. పెద్దపెద్దవాళ్లే చూసి చెప్పారు" అన్నాను.

మా అమ్మాయి ఊళ్లో రోడ్లన్నీ తిరిగి చివరికి వంతెన దగ్గరికొచ్చింది. "ఇప్పుడే ఒకరు ఫోన్ చేసి చెప్పారు. వంతెన మధ్యలో ఎవరో కారు ఆపేశారట. మార్కెట్ దాకా బళ్లు నిలిచిపోయాయి. ఆ కారాయన వింటుంటే, దయచేసి బండి తియ్యండి."

తీశాను. ఈల అందుకుంది.

సాయంత్రం అమ్మాయి ఉత్సాహంగా ఎదురొచ్చింది. "నేను చెప్పగానే ఆ కారాయన బండి తీసేశాడట నాన్నా. వెంటనే ఆయనకి థాంక్స్ కూడా చెప్పాను. విన్నావా?"

"అద్భుతం తల్లీ" అన్నాను.