నాలుగువేల అడుగుల మడి

నర్సీపట్నం సముద్రమట్టానికి నాలుగువేల అడుగుల ఎత్తున ఉన్నదని తాలూకా బోర్డు ప్రెసిడెంటు సోమసుందరం గారు 1929 జూలైలో సగర్వంగా ప్రకటించారు. అంతకుముందు వారం దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. బోర్డు గుమాస్తాగా ఆ ప్రకటన రాసిన భాగ్యం నాది.

మన్మథరావు అనే పైలట్ మద్రాసు వెళ్తూ, పెట్రోలు చాలక గొలుగొండ రోడ్డు పక్క గంగులు అనే రైతు ఇంకా నీరు పెట్టని మడిలో విమానం దించాడు. మర్నాడే పెట్రోలు వచ్చింది. కాని ఎత్తు చూపే మీటరు సూది నాలుగువేల దగ్గర బిగుసుకుపోయింది. అతను రూల్సు పుస్తకం తిరగేసి, మీటరు మీద "పనిచేయదు" అని చీటీ అంటించాడు.

"ఈ చీటీ ఉంటే పగటిపూట ఎగరవచ్చండి. లేకపోతే ఎగరకూడదు," అని చూడవచ్చిన ప్రెసిడెంటుగారికి చెప్పాడు.

ప్రెసిడెంటుగారు చీటీ చదివి మండిపడ్డారు.

"ఎలక్షన్లు నెల్లాళ్లున్నాయి. నా తాలూకాలో 'పనిచేయదు' అని అంటిస్తావేటయ్యా? జనం ఎవర్ననుకుంటారు?"

చీటీని స్వహస్తాలతో పీకేశారు.

"మీటరు తప్పు చూపిస్తోందండీ!"

"తప్పేటి? నాలుగువేలంటే నాలుగువేలే. ఊటీ ఎత్తులో సగమైనా ఉన్నాం. అయినా ఇంత ఎత్తున ఉన్నవాడివి, మళ్లీ ఎగరడం దేనికి?"

ఇంతటి తర్కం నేను ప్లీడర్లలో కూడా చూడలేదు. ఊరి ఎత్తు నాలుగువేల అడుగులేనని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. పైలట్ రెక్క కింద కూర్చుని రూల్సు పుస్తకంతో విసురుకున్నాడు.

ఆరో రోజు గంగులు ఆఫీసుకొచ్చాడు.

"బాబూ, నారు ముదిరిపోతంది. ఇమానం తీయించి కాలవ నీరొదిలించండి. బేగి నాటకపోతే పిల్లలకి గింజలుండవు."

"తీర్మానం వినలేదేటి? నీ మడి నాలుగువేల అడుగుల ఎత్తునుంది. అంతెత్తుకి కాలవ నీరు ఎక్కుతుందా?"

అని ప్రెసిడెంటుగారు కాలవ తూముకు తాళం వేయించమని నాకు ఆర్డరిచ్చారు. సిగ్గేసింది. అయినా వేయించాను.

నాలుగు రోజుల తర్వాత విమానం చూడ్డానికి ప్రెసిడెంటుగారు గొడుగుతో మడి గట్టు మీద నిలబడ్డారు. పక్కన నేను. గంగులు ఎండిన నారు కట్ట తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"నీరు ఎక్కనేదు బాబూ, ఒప్పుకుంటాను. మరి తమరెలాగెక్కేరు?"

ప్రెసిడెంటుగారు జానెడు గట్టు మీంచి కిందికి చాలాసేపు చూశారు. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మెల్లిగా దింపవయ్యా," అన్నారు.